అరిగిన బొత్తాలు

రిచీ స్ట్రీట్‌లో మా షాపుకి మెట్లు పదిహేడు.
పదకొండోది విరిగింది.
ఎక్కేవాళ్లు అక్కడ తడబడే తీరుని బట్టి
చేతిలో ఏముందో చెప్పేస్తాను.
పెద్ద మిషనైతే పసిబిడ్డను మోసినట్టు రెండు చేతులా,
చిన్నదైతే జేబులోనే.

పద్దెనిమిదేళ్లుగా టంకం పొగ పీలుస్తున్నాను.
మా ఓనరు జలాలుద్దీన్ భాయ్‌ది బలం పార్టీ.
కొత్తది దిగిన ప్రతిసారీ
డబ్బా మీది అంకెలు జాతకంలా చదువుతాడు,
ఇన్ని టెరాఫ్లాపులు, ఇంత మెమరీ,
"ఇదే గెలుస్తుంది, రాసిపెట్టుకో కోదండం!"
రాసిపెట్టుకుంటాను. నిజంగానే.
రిపేరు పుస్తకం వెనక పేజీల్లో
ఆయన జోస్యాలు తొమ్మిది.
ఫలించినవి మూడు.
ఆ మూడింట్లో ఒకటి
చవగ్గా దొరికిందని గెలిచింది.

నా బల్లకు తెలిసింది వేరు.
బలమైనది జ్వరంతో వస్తుంది.
మూత తీస్తే ఫ్యాను నిండా వేళచ్చేరి దుమ్ము,
ఒక పిల్లి వెంట్రుక,
ఎండి పెళుసైన పేస్టు.
ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు ఊగితే చాలు
ఆ పరాక్రమమంతా కమురు వాసన.
దాని కంట్రోలర్ చూడండి మరి,
కొన్ననాటి మెరుపు చెక్కుచెదరదు.

ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు.
ఈ వీధిలో చచ్చిన ఏనుగుని
కాయలాంకడ వాడు కిలో లెక్కన తూస్తాడు.

చిన్నది కాలి రాదు.
అరిగి వస్తుంది.

పోయిన ఆడి మాసంలో ఒకామె వచ్చింది.
మరగదం. ఎగ్మోర్ వైపు ఏదో ఆసుపత్రిలో నర్సు.
టిఫిన్ డబ్బా పక్కనుంచి
అరచేతంత మిషను తీసి పెట్టింది.
లోపలి చిప్పు పుట్టినప్పుడే ముసలిది.
తెర మీద చెట్లు చదరాలు, నీళ్లు కదలవు.
ఎడమ బొత్తం కుంగిపోయి,
చుట్టూ ప్లాస్టిక్ నునుపెక్కి
మా అవ్వ సన్నికల్లు నడిమిలా పల్లం.

"ఇంతలా ఎవరాడారమ్మా?"
"వార్డంతా" అంది.
డయాలిసిస్ అంటే నాలుగ్గంటలు.
ఒక చెయ్యి సూదులకి అప్పగించెయ్యాలి.
మిగిలిన చేత్తో ఆడగలిగేది ఇదొక్కటేనట.
ఎవరో పుణ్యాత్ములు పెద్దదీ ఇచ్చారట.
అది రెండు చేతులూ అడుగుతుంది,
టీవీ అడుగుతుంది,
తెల్లారేదాకా అప్‌డేట్లు అడుగుతుంది.
ఇప్పుడు బీరువా మీదుంది,
దాని మీద పేషెంట్ల ఫైళ్లు.

భాయ్ విన్నాడు. ఒప్పుకోలేదు.
"అది లెక్కలోకి రాదు. ఆట కాదది, కాలక్షేపం."
ఆటంటే మరేంటి భాయ్, అన్నాను.
టీ వచ్చింది. జవాబు రాలేదు.

దాచడమెందుకు, బలమంటే నాకూ మోజే.
షట్టరు సగం దించాక
బాగుచేసిన పెద్దదాన్ని పరీక్ష పేరుతో గంటసేపు పెడతాను.
అందులో వాన పడుతుంది.
చినుకు చినుక్కీ విడిగా ఒక మెరుపు.
నేనెరిగిన వాన
మోకాళ్ల దాకా నల్లగా వచ్చేదే,
చింతాద్రిపేటలో మా మంచం కింద ఆగేదే.
ఇంత తీరిగ్గా వాన కురవగలదని
నలభై రెండేళ్లొచ్చాక తెలిసింది.
నోరు తెరుచుకుని చూస్తాను.
చూస్తూ చూస్తూ
కంట్రోలర్ ఒళ్లో ఉన్న సంగతే మరిచిపోతాను.
తేడా అక్కడుందేమో. ఏమో.

మరగదం మిషనుకి విడిభాగం దొరకలేదు.
కంపెనీ దాన్ని ఎప్పుడో మరిచింది.
తూకానికి పోబోతున్న ఏనుగు కంట్రోలర్ విప్పి
వేలు తగలని బొత్తం ఒకటి పీకాను.
ఆకురాయితో అంచు రాసి, రాసి,
చిన్నదాని పల్లంలో కూర్చోబెట్టాను.
రంగు కలవలేదు.
భాయ్‌కి చెప్పలేదు.

అరవై రూపాయలు తీసుకున్నాను.
ఆమె దిగుతూ పదకొండో మెట్టు మీద ఆగింది.
పడబోయిందనుకుని పరిగెత్తాను.
గోడకి ఆనుకుని
బొత్తం నొక్కి చూసుకుంటోంది,
ఒంటి చేత్తో.