గడప దాటిన ఉప్పు

పావియా తాడు లాగుతున్నాడు.
మూడు వందల బారలు.
నేను పక్కన కూచుని చుట్టలు చుడుతున్నాను.
ముందు గాలాలు,
గాలాలకు హాలిబట్ చేపలు, పలకల్లా,
చిట్టచివర అడుక్కి దింపిన రాయి.

"తొడుగు తీసి పట్టుకో తుకుమ్మెక్."

పడవ అంచున నీళ్లలో వేలు పెడితే
చలి ఎముక కొరుకుతుంది.
రాయి వెచ్చగా ఉందనను.
అంత చల్లగా లేదు, అంతే.
ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన బల్లలా ఉంది.

ఫ్యోర్డ్ నోటి దగ్గర నీటి కింద ఒక గడప ఉంది.
హిమానీనదమే ఒకప్పుడు అంతదాకా వచ్చి
తోసి వదిలిన రాళ్లగుట్ట.
దక్షిణాన్నుంచి వచ్చే ఉప్పునీళ్లు
ఏళ్ల తరబడి దాని అవతలే ఆగాయి.
ఇప్పుడు దాటుతున్నాయి.
బరువైన నీరు తొణకదు.
అడుగు వెంట పాకి పాకి
మంచుగోడ పాదాల దాకా వెళ్తుంది.

అక్కడ
ఎండకి పైన కరిగిన నీళ్లు
మంచు కడుపులో సొరంగాలు తొలుచుకుని
అట్టడుగున బయటపడతాయి.
మంచినీళ్లు కదా, తేలిక, ఆగలేవు.
బురద కలుపుకుని గోడ వెంట పైకి ఉరుకుతాయి,
ఉరుకుతూ
ఆ ఉప్పు వెచ్చదనాన్ని చెయ్యి పట్టి లాక్కెళ్తాయి
గోడ ఒళ్లంతా రాస్తూ.
ఇంటివాళ్లే దారి చూపిస్తే
వచ్చినవాణ్ణి ఏమనగలం?

పైకి కనిపించేది
ఒక గోధుమరంగు మరక,
దాని మీద తెల్లపిట్టల గోల.

చలికాలం మంచుమైదానం మీంచి గాలి దిగి
పైనీళ్లను సముద్రంలోకి ఊడ్చేస్తుంది.
ఆ వెలితి నింపడానికి
కింద నుంచి మళ్లీ అదే ఉప్పు.

ఈ కొత్త ఇంజను దాని సొమ్మే.
చేప బలిసింది. అప్పు తీరింది.
పావియా కూతురు ఇవాలు కళ్లద్దాలూ దాని సొమ్మే.
ఉప్పు తిన్నవాళ్లం,
తిట్టాలంటే నోరు పెగలదు.

మా నాన్న గాలం వేసిన చోటి నుంచి గోడ
గంటన్నర ప్రయాణం వెనక్కి పోయింది.
ఆ గంటన్నరలోనే ఇప్పుడు మా వేట.
తెర మీద మ్యాపు ఇంకా పాతదే:
మా పడవ చుక్క
తెల్లటి మంచు నడిమధ్యన
మెల్లగా కదులుతోంది.

"లోతెంత?" అంటాడు పావియా.
మ్యాపులో అక్కడ అంకె లేదు.
రాయి కట్టి
తాడు వదులుతాను.