నల్లబుడ్డలు

కల్యాణదుర్గం బుడ్డల మిల్లులో
పట్టలు పరిచి వరసగా కూర్చోబెట్టినారు మమ్మల్ని.
పదిహేడు మందిమి.
తొక్క తీసిన పప్పు ముందర కుప్ప పోసి
మేస్త్రీ ఓబుళేసు చెప్పినాడు:
"ఈ లాటు మామూలుది కాదు.
చర్చి సొసైటీ వాళ్లది.
మెత్తగా ఆడించి, చక్కెర, పాలపొడి కలిపి
పొట్లాలు కట్టి పడవెక్కిస్తారు.
సముద్రానికవతల ఎండిపోయిన పిల్లోళ్లు తింటారు.
ఒక్క నల్లబుడ్డ పోయిందా,
లాటు మొత్తం వెనక్కొస్తుంది."

వెనక్కొస్తే మంచిదే కదా, అనింది హుసేన్‌బీ మెల్లగా.
అందరం నవ్వినాం. వేళ్లు మాత్రం ఆగలేదు.

బూజు పట్టింది చూస్తానే తెలుస్తుంది.
చూడకున్నా తెలుస్తుంది,
బొటనవేలి కింద కొంచెం మెత్తగా,
అప్పు ఎగ్గొట్టేవాడి మాట మాదిరి.

నాకు ఏడేండ్లప్పుడు
మా ఊరి మిషన్ బడికి గోతాలొచ్చేవి.
గోతం మీద రెండు చేతులు, ఒకదాన్నొకటి పట్టుకొని.
కింద రాసిందేందో అయ్యవారికి కూడా సరిగా రాదు.
నేను ఆ బొమ్మనే చూస్తా ఉంటి,
ఏ చెయ్యి ఇచ్చినోళ్లది, ఏ చెయ్యి మాది అని.
రెండింటికీ చొక్కా ఉండె, గుండీలతో సహా.
మా నాయనకు చొక్కా లేదు.

ఆ గోతంలోని గోధుమనూకతో ఉప్మా.
పురుగులు కనిపిస్తే వంటమనిషి కరుణమ్మ
"ఇవీ సముద్రం దాటొచ్చినాయి, పాపం" అంటా ఏరేసేది.
తినేముందు కండ్లు మూసుకోమనేవాళ్లు.

మా జేజి అడిగింది:
"ఊరికే పెడతారా? బదులేం అడిగినారు?"
"కండ్లు మూసుకోమన్నారు."
"అంతేనా?"
"అంతే."
జేజికి నమ్మకం కుదరలే.
కరువు పనిలో చెరువు కట్టకు మన్ను మోసిన మనిషి,
ఊరికే వచ్చింది ఏదీ చూసి ఎరగదు.
నేను పావడ కుచ్చిట్లో మూటగట్టి తెచ్చిన పాలపొడి
తాకనే లేదు.
నడిరేయి లేచి చూస్తే
చీకట్లో గిన్నె నాకుతా ఉంది,
కండ్లు మూసుకొని.

ఇప్పుడు ఆ వయసు నాకొచ్చింది.
అంగన్‌వాడీలో నా మనమరాలి జబ్బకు
రంగుల పట్టీ చుట్టి చూసింది టీచరమ్మ.
పసుపు కాడ ఆగింది.
"ఎరుపు రాలేదు కదా" అనింది మా కోడలు,
పంట చేతికొచ్చినంత సంబరంగా.

పంట అంటే గుర్తొచ్చింది.
ఈ బుడ్డలు మా పక్క చేన్లవే.
ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేసింది.
పీకితే చెట్టుకు నాలుగు కాయలు, రెండు తాలు.
ఉన్నవాటిని అప్పులోడు కళ్లంలోనే కొలుచుకున్నాడు.
అక్కడ్నుంచి మిల్లుకు, మిల్లు నుంచి మా ముందరికి,
మా ముందర్నుంచి సముద్రానికి.
నా మనమరాలి దావన మాత్రం రాలే.

సాయంత్రం గేటు కాడ కొంగు విదిలించి చూపించాల.
ఈ పొద్దు నా కొంగులో పిడికెడు ఉండె.
వాచ్‌మన్ వన్నూరప్ప చూసినాడు.
చూసి, తలెత్తి, "మోడం పట్టింది" అన్నాడు.
మోడమూ లేదు, గీడమూ లేదు.

ఇంకొకటి చెప్పాల.
ఏరేసినవి వేరే గోతంలో పోస్తాం.
అవి యాడికి పోతాయని అడిగితే
ఓబుళేసు బీడీ ముట్టించుకున్నాడు.
సంతలో చవగ్గా దొరికినాయని
పోయిన శుక్రవారం మా కోడలు తెచ్చి
ఊరిబిండి నూరింది.
"చేదుగా ఉంది జేజీ" అనింది పిల్ల,
సంగటి ముద్ద పక్కకు నెట్టి.

సముద్రానికవతల బిడ్డా,
నీ పేరు నాకు తెలీదు.
నీ పొట్లం మీద ఏ బొమ్మ వేస్తారో తెలీదు.
చేతులే వేస్తే సరిగా చూడు,
గోరు సందున నల్లగా ఉన్నది ఏదన్నా ఉంటే
అది నాది.
నీ బువ్వ చేదుండదు. దానికి నా పూచీ.
తినేముందు కండ్లు మూసుకోమంటే మూసుకో,
పెద్దోళ్ల మాట.
నేను మాత్రం ఒక కన్ను సగం తెరిచే పెట్టేదాన్ని.
పక్కన కూర్చునే మారెన్న చెయ్యి
చానా పొడుగు.