తేట నీళ్ళు

వరద తీసిన నాలుగో రోజు
గోదారి ఇంకా ఎర్రగానే ఉంది.
మా అత్త సూరాయమ్మ బిందె ముందేసుకుని
సాన మీద చిల్లగింజ అరగదీసి
గంధంలా నీళ్ళలో కలిపింది.
తెల్లారేసరికి మన్నంతా అడుక్కి దిగింది.
పైన నీళ్ళు, వంగితే నా ముక్కుపుడక
మెరిసి కనబడేంత తేట.

ఆ తేటనీళ్ళే తాగాడు మా దినేషు.
మధ్యాహ్నానికి మూడుసార్లు,
రాత్రికి నేను లెక్క మరిచాను.
కళ్ళు లోపలికి పోయాయి.
పొట్ట మీద చర్మం పట్టి వదిలితే
పట్టినట్టే నిలబడింది.

"దిష్టే" అంది అత్త. ఉప్పూ మిరపకాయలూ తిప్పింది.
ఆ ఉప్పుడబ్బాలోంచే నేను చిటికెడు తీసి
బొండాం నీళ్ళలో కలిపి
పడవ రేవు దాటేదాకా
చెంచాతో వాడి పెదాలు తడుపుతూ కూర్చున్నాను.

గన్నవరం ఆసుపత్రిలో సెలైను సగం దిగాక
లేబులో చేసే ఏసురత్నంగారు పిలిచింది:
"సీసాలో మీ బిందెనీళ్ళేగా? చూస్తారా?"

ఒక కన్ను మూసి చూశాను.
గుండ్రటి వెలుతుర్లో మా నీళ్ళు.
తెగిన దారప్పోగుల్లాంటివి, నూకల్లాంటివి
ఏదో పనిమీద ఉన్నట్టు అటూ ఇటూ.
"ఇవి పెద్దవి, వీటితో అంత బాధ లేదు.
పిల్లాణ్ణి పడేసినవి ఇంకా చిన్నవి"
కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా చెప్పింది.

అత్త కూడా చూసింది. చాలాసేపు చూసింది.
"ఇయ్యి పిల్లల్ని పెడతాయా?"
"తెల్లారేసరికి ఊళ్ళకి ఊళ్ళు."
అత్త నోటిమీద చెయ్యేసుకుంది.
మళ్ళీ ఆ చెయ్యి తీసి
వెనకా ముందూ తిప్పి చూసుకుంది,
ఎవరిదో అన్నట్టు.

చిల్లగింజ మానలేదు మా ఇంట్లో.
తేరిన నీళ్ళు వంచుకుని, గుడ్డలో వడకట్టి
కొబ్బరిమట్టల మంట మీద
తెర్లి మరిగేదాకా అత్తే కాపలా.
బిందెలో చెయ్యి ముంచితే
మావయ్యనైనా వదలదు.
కాడున్న గరిటె ఒకటి మేకుకి వేలాడుతుంది.
సబ్బుబిళ్ళకి చిల్లుపెట్టి దొడ్డితలుపుకి కట్టింది,
కాకెత్తుకుపోకుండా.
"చప్పిడినీళ్ళు, గోదారి రుచే లేదు"
తిడుతూనే తాగుతుంది.

నిన్న మళ్ళీ వాడికి దిష్టి తీసింది.
తీసి, పొయ్యిలో పడేసి, పెరట్లోకెళ్ళి
గోళ్ళ సందుల్లోంచి మణికట్టు దాకా
చేతులు రుద్ది కడుక్కుంది.
కంటికి కనబడనివాటిని
ఇంత గట్టిగా నమ్మడం
ఆవిడకి కొత్తేమీ కాదు.