ముప్పై ఎనిమిదో బెర్తు

టికెట్ చూపించు. తోల్గనాయ్, కదూ?
ముప్పై ఎనిమిది. పక్క వరసలో పైబెర్తు,
పాయిఖానా గోడకి ఆనుకుని.
ఎవరమ్మా నీకిది కొనిచ్చింది?
సరే, మొహం చిన్నబుచ్చుకోకు. నా మొదటి ప్రయాణమూ అక్కడే.
రాత్రంతా ఆ తలుపు నీ చెవిలోనే మూసుకుంటుంది.
రెండో రాత్రికి అది మూసుకోకపోతే నీకు మెలకువ వస్తుంది.

మెత్తటి చెప్పులు తెచ్చావా? లేదూ?
మడమల బూట్లతో మూడు రాత్రులు!
ఉండు, నావి పాతవి ఉన్నాయి. ఎడమదానికి పట్టీ లేదు.

సమోవార్ నా గదికి ఎదురుగా.
నేను బతికున్నంతకాలం అందులో నీళ్ళు మరుగుతాయి.
గ్లాసు సగమే నింపు,
మలుపులో బండి ఎవరి మాటా వినదు.
స్టేషను దగ్గరపడితే పాయిఖానాకి తాళం వేస్తాను,
ఎంత బాదినా తియ్యను.
బాదినవాళ్ళలో ఒక కల్నల్ కూడా ఉన్నాడు.

కిందివాళ్ళు గుడ్డ పరిచి తిండికి పిలుస్తారు.
మొదటిసారి వద్దను.
రెండోసారీ వద్దను.
మూడోసారి కూర్చో.
మీ అమ్మ వేయించిన బౌర్సాక్ సంచీ అడుగున దాచకు,
ముందు నువ్వే తీసి మధ్యలో పెట్టు.
గోడవైపు తిరిగి ఒంటరిగా తిన్న మనిషిని
ఈ బోగీ కందియగాష్ దాకా మర్చిపోదు.

ఏడు తరాల తాతల పేర్లు అడిగే ముసలాయన
ప్రతి బోగీకీ ఒకడుంటాడు.
నాలుగో తాత దగ్గర ఆగిపోతే
మిగతా ముగ్గుర్నీ కల్పించు.
ఆయనా అంతే.

ఆ కుర్త్ ఉండల్ని కొరక్కు, పన్ను ఊడుతుంది.
బుగ్గన పెట్టుకుని ఊరుకో.
ఈ దారిని కూడా అలాగే,
కొరికితే తెగేది కాదిది.

కిటికీలో ఏమీ ఉండదు.
చాలాసేపు ఏమీ ఉండదు.
తర్వాత ఒక ఒంటె కనిపిస్తుంది,
చుట్టం ఎదురొచ్చినట్టు బోగీ అంతా లేచి చూస్తుంది.
తర్వాత మళ్ళీ ఏమీ ఉండదు,
కానీ ఈసారి ఒంటె లేకపోవడం ఉంటుంది.

అరల్‌లో పొగబెట్టిన చేపలు కొను,
ఒళ్ళు బంగారు రంగులో ఉన్నవి.
సముద్రం ఏదని మాత్రం అమ్మేవాళ్ళని అడక్కు.
మా ఆయనది ఆ ఊరే.
వాళ్ళ నాన్న పడవ నడిపిన చోట
ఈయన ట్రాక్టర్ నడిపాడు.

అరల్ దాటాక ఫోను పలకదు. మీ అమ్మకి ముందే చెప్పు,
లేకపోతే నాకు చేస్తుంది.
అమ్మలందరి దగ్గరా నా నంబరెలా ఉంటుందో నాకిప్పటికీ తెలీదు.

ఎక్కడికన్నావు? అక్తావుకా?
చూడు తల్లీ, ఇరవై ఆరేళ్ళుగా ఈ దారిలో
చీపురు పట్టుకుని పోతూ వస్తూ ఉన్నాను.
చివరి స్టేషనుకీ అక్కడి సముద్రానికీ
టాక్సీలో అరగంట దూరం.
నేను బోగీ కడిగి, చెత్త దింపి, కొత్త దుప్పట్లు లెక్కపెట్టి
తల పైకెత్తేసరికి ఇంజను అటుమార్చి తగిలించేస్తారు.
గాలి మాత్రం తెలుసు నాకు.
ప్లాట్‌ఫారం చివర, నీళ్ళ ట్యాంకు పక్కన,
తడి గుడ్డ మొహాన విసిరినట్టు వస్తుంది.

నువ్వు చూస్తావుగా.
వేలు ముంచి నాలిక మీద పెట్టుకో,
ఎంత ఉప్పో గుర్తుపెట్టుకో.
కుర్త్ అంతా? కన్నీళ్ళంతా అని మాత్రం చెప్పకు,
అది ఎవరైనా చెబుతారు.
తిరుగు ప్రయాణంలో నా బోగీ దొరికితే చెప్పు,
దొరక్కపోతే ఫర్వాలేదు.

ఇక ఎక్కు.
దిగేముందు రెండు దుప్పట్లు, దిండు గలేబు, తువ్వాలు
నా చేతికే అప్పజెప్పు.
పోయిన నెల ఎవరో తువ్వాలు పట్టుకుపోయారు,
నా జీతంలో కోశారు.