చప్పట్లు కావు

గుంటూరు పట్నం బజారులో, మెట్ల కింద కొట్టు నాది.
పెళ్ళి క్యాసెట్లు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి బతుకుతుంటాను.

గిరాకీ లేని మధ్యాహ్నం
మైకుసెట్టు కాశింపీరా మనవరాలు మాబున్ని
బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది.
"తాతది. పారేద్దామంటే చెయ్యి రాలేదు."

మూత తీస్తే
పాడైన ఆవకాయ జాడీలా పుల్లటి వాసన.
లోపల స్పూలు టేపు, ఒకటే.
అట్టమీద కాపీయింగ్ పెన్సిలుతో:
"నీళ్ళ మీటింగు. మిరపకొట్ల ఖాళీజాగా.
బాకీ పదకొండు రూపాయలు."

మూడు రోజులు పట్టింది,
తెగినచోటల్లా అతుకేసి, బూజు తుడిచి,
ఊపిరి బిగబట్టి తిప్పడానికి.

మొదట కాశింపీరా.
"హలో... హలో... ఒకటీ... రెండూ...
ఒరే సాంబడూ, బ్యాటరీ చూడరా!"
మాబున్ని చున్నీతో నోరు మూసుకుంది.
తను పుట్టేనాటికే తాతకి గొంతు పోయిందట.

తర్వాత ఆయన.
పేరెందుకులే, మా బడిగోడ మీద పటం ఉండేది.
ఆ ఉపన్యాసం మాకు పాఠం, ఇప్పటికీ కంఠతా వచ్చు.
"ప్రాణాలైనా ఇస్తాం గానీ" దగ్గర
బ్రాకెట్లో కరతాళ ధ్వనులు అని అచ్చేశారు.
మాస్టారు అక్కడ ఆపి
మా చేత చప్పట్లు కొట్టించేవారు.

కంచుగంట అనుకున్నాను ఇన్నాళ్ళూ.
సన్నటి గొంతు.
మిరపఘాటుకి "సోదరులారా" అన్నప్పుడల్లా ఒక తుమ్ము.
కింద జనమూ తుమ్ముతున్నారు.
ఎక్కడో రైలు కూత, దానికోసం కాసేపు ఆగాడు.

ప్రాణాలైనా ఇస్తాం గానీ...

వచ్చింది చప్పుడు.
రేకులమీద వాన.

లేచిపోతున్న జనం, చెప్పులు వెతుక్కునే గోల,
పల్లీలవాడి తిట్లు.
ఆయన మాత్రం ఆపలేదు.
ఆ మొండితనం మా పుస్తకంలో లేదు.

అప్పుడొక ఆడగొంతు, మైకుకి బాగా దగ్గరగా,
గొడుగు కింద మిషను పక్కకి చేరిందేమో:
"అదంతా సరేనయ్యా, మా పేటకి కుళాయెప్పుడు?"

వాన.
"అమ్మా..." అన్నాడాయన.
అంతే. టేపు తోక
స్పూలు చుట్టూ టపటపా కొట్టుకుంటోంది.

"ఒకటీ రెండూ వరకే కోసి
నా ఫోన్లో వెయ్యన్నా," అంది మాబున్ని.
"మిగతాది నువ్వే ఉంచుకో."

ఉంచుకున్నాను, వానతో సహా.
కొన్ని రాత్రులు షట్టరు సగం దించి
ఆ "అమ్మా" దాకా విని ఆపేస్తాను.

డబ్బామీద ఆ పదకొండు రూపాయలు
ఎవరు ఎవరికి బాకీయో
కాశింపీరా రాయలేదు.