పోల్చుకోడానికో ఊరు

ఫ్రిజ్ పై అరలో చెంగల్రాయప్ప ఉమ్మి,
కింది అరలో ఒక ఆడ ఏనుగు లద్దె.
రెండు గొట్టాల మీదా నా చేతిరాతే:
తేదీ, వేళ, కానుగమాకులపల్లె.
తిరుపతిలో కరెంటు పోయినప్పుడల్లా
ఐసు సంచీ చంకన పెట్టుకుని
హాస్టల్ నుంచి ల్యాబుకి పరిగెడతాను.

ప్రశ్నాపత్రం నాది కాదు.
ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో పుట్టి
హైదరాబాదులో తెలుగు నేర్చుకుని
నాతో పాటు పలమనేరు బస్సెక్కింది.
"గడిచిన నెలలో మీ నిద్ర ఎన్నిసార్లు చెదిరింది?
ఎప్పుడూ లేదు, అరుదుగా, తరచుగా."
చెంగల్రాయప్ప బీడీ ఆర్పి నవ్వినాడు.
"నిద్దరంటూ ఉంటే గదా పాపా చెదిరేది."
ఆ మాటకు గడి లేదు.
తరచుగా అన్న చోట టిక్కు పెట్టుకున్నాను.

"ఏన్గనీ అడిగినావా ఇవన్నీ?" నాగరత్నమ్మ అడిగింది.
దాని లద్దె చెప్తుందన్నాను.
కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.
"మా ఆయన్నీ అట్లే అడగరాదా,
నోటితో అయితే ఒక్క నిజమూ చెప్పడు."

పొద్దున లేస్తానే కాఫీ తాగొద్దన్నాను,
ఆకువక్క వేసుకోవద్దన్నాను.
బస్సు లేటై నేను పోయేసరికి తొమ్మిది.
ముందర సంగటి ముద్ద, ఊరిబిండి,
వాటి మీద ఈగలు తోలుకుంటా
నోరు కట్టుకుని కూర్చోనుండాడు.

కౌండిన్య అంచున కందకం దాటి
లద్దె కనపడితే ఆయనే ముందు వంగేది.
పుల్లతో కదిపి, వాసన చూసి,
"పచ్చి రాగి తినింది. నమల్లేదు, మింగింది.
బెదురుతా తినిండాది.
పక్కన చిన్నది ఉండాదేమో చూడు."
చిన్న అడుగులు నిజంగానే ఉన్నాయి.
నేను చేతికి గ్లవ్స్ తొడుక్కునే లోపలే
ఆయన రిపోర్టు అయిపోయింది.
మూడు వారాలకు మా మిషను కూడా అదే చెప్పింది,
నానోగ్రాముల్లో.

మా ప్రొఫెసరుకు ఇదంతా చాలదు.
ఒత్తిడి లేని ఊరు ఒకటి కావాలమ్మా,
పోల్చుకోడానికి, అన్నారు.
జిల్లా మ్యాపు నేల మీద పరిచి కూర్చున్నాను.
ఏనుగుల్లేని ఊళ్ళో బోరు ఎండింది.
బోరున్న ఊళ్ళో టమోటా పెట్టె
బాడుగ ఖర్చుక్కూడా రాలేదు.
రేటు పలికిన ఊళ్ళో కాపలా కుక్కలు.
పెన్సిల్ పెట్టిన చోటల్లా ఎవరో ఒకరు
తెల్లవార్లూ దేనికో చెవి ఒగ్గి ఉన్నారు.
అడవి వైపు జరిపాను.
అక్కడ సోలార్ కంచె, దాని అవతల క్వారీ.

లెక్కలు వేస్తే ఒకటి తేడాగా వచ్చింది.
చెంగల్రాయప్ప ఒంట్లో ఒత్తిడి ఎక్కువున్నది
గుంపు చెరకులో పడ్డ రాత్రి కాదు,
టపాకాయలు పేల్చి, డబ్బాలు కొట్టిన రాత్రీ కాదు.
ఏమీ రాని రాత్రి.
పొరపాటేమో, ఆ అంకె తీసేయమన్నారు.
ఫోన్ చేసి ఆయన్నే అడిగాను.
"వచ్చినాయంటే యాడుండాయో తెలుస్తాది పాపా.
రాకపోతే, ప్రతి ఆకు కిందా ఉంటాయి."

అంకె తీయలేదు.
థీసిస్ ఆరు నెలలు వెనకపడింది.
ఫెలోషిప్ ఆగింది.

నిన్న రాత్రి రెండుంబావుకు ఫోన్ మోగింది.
వెనకాల డబ్బాల మోత, నాగరత్నమ్మ కేకలు,
"వచ్చినాయి పాపా, అయిదు! చిన్నది బాగుండాది!"
ఆయన గొంతులో అది భయమో ఇంకేమో
నా ప్రశ్నాపత్రంలో దొరకదు.
ఒక్క రింగుకే నేనెట్లా ఎత్తానో
అప్పుడు గానీ తోచలేదు.

లేచి ల్యాబుకి పోయాను.
నీళ్ళు తాగకుండా
ఖాళీ గొట్టంలో నా ఉమ్మి పట్టి,
వేళ రాసి, తిరుపతి అని రాసి,
ఏ అరలో పెట్టాలో తెలియక
ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను.
మోటారు గుర్రుమంటానే ఉంది.