కవ్వం పేరున్న ఊరు

ఓక్ చెట్ల పార్కు దాటాక మలుపులో
తీగ వదిలేసేది నా బండి.
నెత్తిమీది రెండు కొమ్ములూ గాల్లో ఊగేవి,
ఏదో మరిచిపోయి తడుముకునే చేతుల్లా.
తోలు తొడుగులేసుకుని దిగేదాన్ని.
వెనక్కి నడిచి, తాడు పట్టి లాగి,
దేని తీగకి దాన్ని తగిలించేదాన్ని.
చిటుక్కున నీలిమంట, లోపల దీపాలు.
ఎవరో ఒకరు "రహ్మత్, అక్కా" అనేవారు.
ఇరవై తొమ్మిదేళ్ళు.
తాజీగుల్, ట్రాలీబస్సు డ్రైవరు.

మా అమ్మకి 'ఫ' పలికేది కాదు.
ఫ్రూంజే అని పలకల మీదుంటే
పురుంజే అనేది.
సైన్యాధికారి పేరు మోస్తూ
అరవై అయిదేళ్ళు బతికిందీ ఊరు.
అమ్మ నోట్లో ఆయనెప్పుడూ సరిగ్గా కూచోలేదు.

ఒక శీతాకాలంలో పేరు మారింది.
బిష్కెక్.
గుర్రప్పాలు చిలికే కర్ర.
కవ్వం పోగొట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళిన నిండు చూలాలు
ఇక్కడే కనిందట.
బిడ్డకి కర్ర పేరే పెట్టుకుందట.
కర్ర దొరికిందో లేదో
ఎవరూ చెప్పరు.

పెద్ద మైదానంలో కోటు తొడుక్కున్న కంచు మనిషుండేవాడు,
చెయ్యి చాచి కొండల్ని చూపిస్తూ.
మ్యూజియం వెనక్కి జరిపారతన్ని.
చెయ్యింకా దించలేదు,
అటు తిరిగి ఏం చూపిస్తున్నాడో పావురాలకి తెలియాలి.
అతని చోటికి రెక్కల ఆడమనిషి వచ్చింది,
ఎనిమిదేళ్ళకి ఆవిడా దిగిపోయింది.
ఇప్పుడు గుర్రమ్మీద వీరుడు.
గంటగంటకీ మారే జెండా కాపలా కుర్రాళ్ళు
వీపుకి చెమట పట్టినా కదలరు.
నా స్టాపు దగ్గర గుంట మాత్రం అదే.
వానొస్తే ముగ్గురి కాలంలోనూ చీలమండ లోతు.

మా అత్త ఎప్పుడూ తలుపు వైపు తిరిగి పడుకునేది.
ఆమెకి అయిదేళ్ళప్పుడు
రాత్రి జీపులో తీసుకెళ్ళారు నాన్నని.
యాభై ఏళ్ళ పైన గడిచాక
కొండ కింద పాత ఇటుకబట్టీలో ఎముకలు బయటపడ్డాయి.
కావలివాడు చచ్చిపోతూ
కూతురికొక్కదానికే చెప్పాడట ఆ చోటు.
అత్త వెళ్ళింది. వరసగా పరిచిన బొత్తాలు చూసింది.
"ఏదైనా ఆయనదే కావచ్చు" అంది.
ఆ రాత్రి గోడ వైపు తిరిగి పడుకుంది.

మరో ఏప్రిల్లో తెల్ల భవనం గేటు దగ్గర కాల్పులు.
బండి ఆపి తలుపులు తీశాను.
గడ్డం రాని పిల్లాడొకడు ఎక్కాడు,
ఒక కాలికే బూటు, సాక్సు మీద ఎవరిదో నెత్తురు.
జేబులన్నీ వెతికి
టికెట్టు డబ్బులు నా అరచేతిలో పెట్టాడు.
సరిగ్గా లెక్కపెట్టి.
ఆ చిల్లర ఇప్పటికీ డిపోకి కట్టలేదు.

పాలు ఊరకే వదిలేస్తే పాడవుతాయి,
వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తలా నాలుగు పోట్లు చిలకాలి
అనేది అమ్మ, వేసవి పచ్చికలో,
గుడారం గుమ్మం దగ్గర పొగబట్టిన తోలుతిత్తి చూపించి.
ఎంత చిలికినా వెన్న రాదు గుర్రప్పాలలో.
పులుపొస్తుంది. కాస్త మత్తు.
దానికే దండం పెట్టి తాగుతాం.

మా పక్కింటి దుంగాన్ ముసలాయన ఇస్మార్
హజ్ నుంచి తిరిగొచ్చాడు.
పెట్టెకి అంటించిన చీటీ మీద మూడక్షరాలు:
ఎఫ్, ఆర్, యు.
విమానాలింకా పాతపేరుకే దిగుతున్నాయి!
"వాటికి 'బ' పలకదేమో" అన్నాను.
పళ్ళు లేని నోటితో నవ్వి, ఖర్జూరాలు పెట్టాడు.

తీగలు చుట్టచుట్టి లారీల్లో పట్టుకుపోయారు.
ఇప్పుడన్నీ బ్యాటరీ బస్సులు, చప్పుడుండదు.
చలికాలం బొగ్గుపొగలో కొండలు మాయమై
మార్చిలో ఒక పొద్దున మళ్ళీ వచ్చి నిలబడతాయి,
ఎక్కడికెళ్ళారని అడగం.
వీధి పక్క పిల్లకాలువల్లోకి మంచునీళ్ళు వదులుతారు.
సిగరెట్టు పీకలు, ఎల్మ్ విత్తులు, ఎవరిదో బస్సు టికెట్టు
మలుపు దాకా కలిసే వెళ్తాయి.

నిన్న ఆ మలుపులో కిటికీ పక్కన కూచున్నాను.
బస్సు నున్నగా తిరిగింది.
నా కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి
తాడు కోసం చూసింది.